మైకు ముందు లేడిపిల్ల

నా గొంతు చిన్నది. ఇంట్లో ఈ మాట ఎవరూ ఒప్పుకోరు లెండి, ముఖ్యంగా మావారు. కానీ స్టేజి ఎక్కితే మాత్రం మూడో వరస దాటదు. నేను ఎనిమిదో క్లాసులో వుండగా మా ఆడపిల్లల హైస్కూలు వార్షికోత్సవానికి శకుంతల నాటకం వేశారు. శకుంతల మాటలే కాదు, దుష్యంతుడివీ, కణ్వమహర్షివీ, చివరికి వుంగరం దొరికిన జాలరివాడివీ అన్నీ నాకు కంఠతా వచ్చు. ఐనా నాకిచ్చిన వేషం ఏమిటో తెలుసా? ఆశ్రమంలో లేడిపిల్ల! "నీ గొంతు వినబడదే తల్లీ" అన్నారు మా తెలుగు టీచరుగారు, జాలిగానే. శకుంతల వేషం, వీధి ఆ చివర పాలవాడితో మాట్లాడితే ఈ చివరికి వినిపించే మా క్లాసు పిల్లకి దక్కింది.

ఆవేళ మైకు లేదనుకునేరు. వుంది. సైకిలు షాపు పక్కన మైకుసెట్టు అద్దెకిచ్చే ఆయన వచ్చి, వేపచెట్టుకి రెండు హారన్లు కట్టి, స్టేజి మధ్య ఒకే ఒక్క మైకు పాతాడు. దాన్ని ముఖ్య అతిథిగారి ఎత్తుకి బిగించి తను భోజనానికి వెళ్లిపోయాడు. కిందికి దించే ధైర్యం హెడ్‌మిస్ట్రెస్‌గారికి కూడా లేకపోయింది. అంచేత శకుంతల దుష్యంతుణ్ణి అటు వదిలేసి, మునివేళ్ల మీద నిలబడి, మెడ సాచి తన ప్రేమంతా మైకుతో చెప్పుకుంది. దుష్యంతుడు తన వంతు కోసం ఆవిడ వెనకాల రేషన్‌షాపులోలాగా నిలబడ్డాడు. లేడిపిల్లని కనక నేను కింద కూర్చుని అంతా చూశాను.

ఇన్నేళ్లకి మొన్న జనవరిలో, మా మనవరాలి స్కూల్లో నాటకానికి మైకుల బల్ల దగ్గర కూర్చునే పని నాకు అప్పగించారు. రిటైరైన టీచరు ఖాళీగా వుంటుందని అందరికీ ఒక నమ్మకం. సరే, చేతిలో పెట్టిన వస్తువు పుట్టుపూర్వోత్తరాలేమిటో తెలుసుకుందామని నాలుగు పుస్తకాలు తిరగేశాను.

మైకు లేని రోజుల్లో నాటకమంటే గొంతే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు కీచకవధ ఆడించినప్పుడు గానీ, 1892లో విజయనగరంలో కన్యాశుల్కం తొలిసారి ఆడినప్పుడు గానీ, ఆఖరి వరసవాడికి వినిపించే పూచీ నటుడిదే. సురభివారిలో ఆడవేషాలు ఆడవాళ్లే కట్టేవారు. ఇంటి పనీ, చంటిపిల్లలూ, రాత్రి నాటకం... ఆ తల్లుల గొంతులు ఎలా నిలిచేవో నాకు ఆశ్చర్యమే. పద్యం చివర రాగం అంతంతసేపు సాగదీయడంలో కూడా, చాపల మీద ఆఖర్న కూర్చున్నవాడికి అందాలన్న ఆరాటం కాస్త వుండే వుంటుందని నా అనుమానం. గొంతున్నవాడే రాజు. లేనివాడు ద్వారపాలకుడు.

మైక్రోఫోను మాత్రం నాటకం కోసం పుట్టలేదు, టెలిఫోను కోసం పుట్టింది. 1878లో లండన్‌లో డేవిడ్ హ్యూస్ అనే ఆయన తన పరికరంతో ఈగ నడిచే చప్పుడు కూడా వినిపించవచ్చని చూపించాడు. పేటెంటు తీసుకోకుండా లోకానికి వదిలేశాడు, మహానుభావుడు. ఈగ అడుగులు సరే, ఊరంతటికీ మనిషి మాట వినిపించాలంటే లౌడ్‌స్పీకరు రావాలిగా. 1919 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు విల్సన్ శాన్‌డియాగో స్టేడియంలో అద్దాల గదిలో నిలబడి, ఆ యంత్రం సాయంతో 50,000 మంది వినేట్టు మాట్లాడాడు. మన దేశంలో 1930ల నాటికి బొంబాయి మోత్వానీలు కాంగ్రెసు సభలకి లౌడ్‌స్పీకర్లు తీసుకెళ్లేవారు. పాత ఫొటోల్లో గాంధీగారి ముందూ, నెహ్రూగారి ముందూ మైకు మీద "షికాగో రేడియో" అన్న అక్షరాలు కనిపిస్తాయి చూడండి, అది వాళ్లదే. అమెరికా కంపెనీ కాదు.

అలా సభల్లోంచి పెళ్లిళ్లకీ, పెళ్లిళ్లలోంచి స్కూళ్లకీ వచ్చింది మైకు. ఉపన్యాసానికైతే బ్రహ్మాండం. ఉపన్యాసకుడు కదలడు కదా! నాటకంలో మనిషి కదలాలి, ఏడవాలి, అవతలివాళ్ల కాళ్ల మీద పడాలి. మైకు కదలదు. దూరం రెట్టింపైతే దానికి అందే శబ్దం బలం నాలుగోవంతుకి పడిపోతుంది. పోనీ ధ్వని పెంచుదామా అంటే, లౌడ్‌స్పీకరులోంచి వచ్చిన మాటనే మైకు మళ్లీ విని, మళ్లీ పంపి, అది ఇంకా పెద్దదై, చివరికి కీచుమని అరిచి వూరుకుంటుంది. అత్తాకోడళ్ల తగవు కూడా అలాగే పెరుగుతుందని మా అమ్మమ్మ అనేది, ఆవిడకి మైకు సంగతి తెలియకపోయినా.

మరి వైరు తెంచిందెవరు? నాకు బాగా నచ్చిన కథ ఇదే. 1949లో ఇంగ్లండులోని బ్రైటన్‌లో మంచు మీద జారుతూ ఆడే అల్లావుద్దీన్ నాటకం వేశారు. మంచు మీద గిరగిర తిరిగే మనిషి వైరు ఈడ్చుకుంటూ ఎలా తిరుగుతాడు? రెగ్ మూర్స్ అనే ఆయన రేడియో మైకు తయారుచేసి మాయలమరాఠీలాంటి దుష్టుడి దుస్తుల్లో దాచాడు. చక్కగా పనిచేసింది. కానీ పేటెంటు అడగలేదు. అడిగితే పట్టుబడతాడు, ఎందుకంటే లైసెన్సు లేని ఫ్రీక్వెన్సీ వాడుకున్నాడు! ఆ నాటకం వాళ్లు కూడా, ఇదంతా ఎందుకు, జారేవాళ్లు జారతారు, మాటలు తెరచాటున ఇంకొకరు చెబుతారు అని ఆ మైకుని పక్కన పెట్టేశారు. ప్లేబాక్ పాటలు విన్న మనకి ఇది వింతేమీ కాదు. ఆయన మైకు 1972లో లండన్ సైన్స్ మ్యూజియానికి చేరింది.

తరవాత 1957లో, శాన్‌హోసే స్టేట్ కాలేజీలో ఇంజనీరు రేమండ్ లిట్కీ పాఠాల కోసమూ, టీవీ కోసమూ అలాంటిదే తయారుచేశాడు. 1964లో వచ్చిన మై ఫెయిర్ లేడీ సినిమాలో రెక్స్ హారిసన్ తన పాటలు ముందుగా రికార్డు చేయనని పట్టుబడితే, ఆయన టైలో మైకు దాచి అప్పటికప్పుడే రికార్డు చేశారు. ఐతే ఇవన్నీ డబ్బున్నవాళ్ల సరదాలు. బడిపిల్లల దాకా రావడానికి అసలు కారణం, 1962లో బెల్ లాబొరేటరీలో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ కనిపెట్టిన ఎలెక్ట్రెట్ మైకు. గోరంత వుంటుంది, చవక. ఇవాళ పిల్లల బుగ్గన అంటించేది ఎక్కువగా అదే.

వైరు లేదు కదా, ఇక సుఖమేననుకున్నాను. బల్ల దగ్గర కూర్చున్నాక తెలిసింది. నడుముకి కట్టే పెట్టె ఓ బుల్లి రేడియో స్టేషను. స్టేజి పక్కనున్న పెట్టె దాన్ని పట్టే రేడియో. ఎవరి స్టేషను వాళ్లది. రెండు మైకులకి ఒకే ఫ్రీక్వెన్సీ పెట్టామా, పూర్వం రాత్రిళ్లు విజయవాడ కేంద్రం మీద ఇంకేదో దేశం ఎక్కినట్టే! మధ్యాహ్నం ఖాళీ హాల్లో శుభ్రంగా పలికిన మైకు, సాయంత్రం జనం నిండాక గరగరలాడింది. మనిషి శరీరంలో వున్న నీళ్లే ఆ తరంగాలని మింగేస్తాయట. రేడియోపెట్టెని స్టేజికి కనిపించేలా ఎత్తున పెడితే దారికొచ్చింది. ఇక దుస్తుల సంగతి చెప్పకండి. పట్టు పరికిణీ గరగర, గాజుల గలగల, మెడలో హారం తగిలితే పిడుగుపాటు. ఆడపిల్లల దుస్తులకి జేబులుండవు కనక ప్రతి పెట్టెకీ పాతచీర చింపి చిన్న సంచి కుట్టాను. బాటరీలు ప్రతి ఆటకీ కొత్తవే, మిగిలినవి గడియారాలకి.

అమెరికాలో మా చెల్లెలి పిల్లలు చదివిన స్కూల్లో ఇంకో తంటా వచ్చిందట. ఆ ఫ్రీక్వెన్సీలు సెల్‌ఫోన్లకి కావలసి వచ్చి, 2010 జూన్ 12 నుంచి 700 మెగాహెర్ట్జ్ మైకులు వాడకూడదన్నారు. కొత్తవి కొన్న పదేళ్లకి, 2020 జూలైలో, 600లో చాలాభాగం కూడా పోయింది. నాటకాల చందాలన్నీ వాటికే సరి.

రిహార్సల్లో ఒక ముచ్చట జరిగింది. వేషాల గదిలో ఒక పాప మైకు కట్టకుండా వదిలేశాను. "మా అమ్మాయికి ఇచ్చిన కిరీటం చూశావా, పెళ్లిపందిట్లో మిగిలిన కాగితంలా వుంది" అని ఒక తల్లి గుసగుసలాడింది. హాలంతా విన్నది. కిరీటం చేసిన తల్లి కూడా. అప్పణ్ణించీ పాత్ర స్టేజి దిగగానే మీట దించడం నాకు నియమమైపోయింది.

అసలు పేచీ మాత్రం వేరే దగ్గర వచ్చింది. నాటకం రుద్రమదేవి. పిల్లలు ఇరవైరెండు మంది, మైకులు ఎనిమిది. ముఖ్యపాత్రలకే ఇద్దామన్నారు టీచర్లు. ముఖ్యపాత్రలెవరికిచ్చారు? మళ్లీ గొంతున్నవాళ్లకే! వాళ్లకి మైకెందుకండీ అన్నాను. వార్త తెచ్చే చెలికత్తె వేషం వేసిన పిల్లకి నాలుగే మాటలు, అవి పక్కవాళ్లకి కూడా వినిపించవు. మైకు ఆ పిల్లకివ్వమన్నాను. చాలాసేపు వాదన జరిగింది. చివరికి సేనాపతి తల్లి ముఖం చిన్నబుచ్చుకున్నా, సేనాపతి మాత్రం తనే మైకు విప్పి ఇచ్చేశాడు. మీసం అంటించడానికి అడ్డమొస్తోందట.

ఆ సాయంత్రం చెలికత్తె రంగం మీదికి రాకముందే మీట పైకి జరిపాను. ముందు ఊపిరి వినిపించింది. ఆ తరవాత మాట. వెనక వరసలో పల్లీలు తింటున్న తాతగారు పొట్లం చప్పుడు ఆపేశారు. నాలుగు మాటలూ, ఒక్కొక్కటీ, హాలు ఆ చివరిదాకా వెళ్లాయి. పిల్ల నమస్కారం పెట్టి తెరచాటుకి పరిగెత్తింది. "అమ్మా, వినిపించిందా?" అని అడగడమూ హాలంతా వినిపించింది. మీట దించడం మరిచిపోయాను.