మెక్‌ఫర్సన్ బేరం

షాక్ అబ్జార్బర్ అన్న పేరే తప్పు. చక్రం గుంతలో పడ్డప్పుడు ఆ దెబ్బని మింగేది స్ప్రింగు. మనం షాక్ అబ్జార్బర్ అని పిలిచే నూనె గొట్టం పని వేరు. దెబ్బ తిన్న స్ప్రింగు ఆ తర్వాత పైకీ కిందకీ ఊగుతూనే ఉండకుండా ఆపడం దాని ఉద్యోగం. బ్రిటిష్ ఇంజనీర్లు దాన్ని డాంపర్ అంటారు, సరైన మాట అదే. మన షెడ్లలో 'షాకప్స్' అని ఇంకో పేరు స్థిరపడిపోయింది. స్ప్రింగు శక్తిని అప్పుగా తీసుకుని తిరిగి ఇచ్చేస్తుంది. డాంపర్ దాన్ని ఖర్చు పెట్టేస్తుంది: నూనెని సన్నటి రంధ్రాల్లోంచి తోసి, వేడిగా మార్చి, గాలికి వదిలేస్తుంది.

బండ్ల చరిత్రలో ఈ రెండిటి మధ్యా దాదాపు వందేళ్ల ఎడం ఉంది. విడివిడిగా పుట్టి, విడివిడిగా బతికిన వీటిని 1940ల్లో ఒక అమెరికన్ ఇంజనీర్ ఒకే వస్తువుగా కలిపేశాడు. దానివల్ల కారు చవకైంది. మన మధ్యతరగతి ఇళ్ల ముందుకి కారు రావడంలో ఆ కలపడానికీ ఒక వాటా ఉంది. కానీ ఫ్యాక్టరీలో మిగిలిన ఆ డబ్బుకి బదులు ఎక్కడో ఎవరో చెల్లిస్తూనే ఉన్నారు. అది ఎవరన్నది కారు కింద పడుకుంటే గానీ కనిపించదు.

స్ప్రింగు కథ రాబర్ట్ హుక్‌తో మొదలుపెట్టాలి. ఎంత సాగదీస్తే అంత బలంతో వెనక్కి లాగుతుందన్న నియమాన్ని ఆయన 1678లో బయటపెట్టాడు. రెండేళ్ల ముందే దాన్ని అక్షరాలు కలగాపులగం చేసి ఒక పుస్తకం చివర అచ్చేయించి పెట్టుకున్నాడు, ఇంకెవరైనా తామే ముందు కనిపెట్టామంటే చూపించడానికి. (ఇవాళ మేము ఏదైనా ఫైల్‌కి హ్యాష్ తీసి దాచుకోవడం కూడా ఇలాంటి పనే.) ఆ కాలపు లండన్‌లో బండికి స్ప్రింగులు బిగించే ప్రయోగాలు నడుస్తూనే ఉన్నాయి. శామ్యూల్ పీప్స్ 1665 డైరీలో కల్నల్ బ్లౌంట్ అనే ఆయన బండ్ల మీద చేయించిన పరీక్షల సంగతి ఉంటుంది. అయితే రోడ్ల మీద స్ప్రింగు బండి మామూలు విషయం కావడానికి ఇంకో శతాబ్దంన్నర పట్టింది. 1800ల మొదట్లో లండన్ బండ్ల తయారీదారు ఒబడయా ఎలియట్ ఉక్కు పట్టీలని ఒకదాని మీద ఒకటి పేర్చి, కోడిగుడ్డు ఆకారంలో వంచి, ఇరుసుకీ బండికీ మధ్య పెట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు.

ఆ పట్టీలు మనకి తెలియనివి కావు. జట్కాబండి కింద ఉండేవి అవే. లారీలకీ బస్సులకీ ఇప్పటికీ ఉన్నాయి: కమాన్ కట్టలు. వీటి గొప్పతనం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ, కమాన్ కట్ట వంగినప్పుడల్లా ఒక పట్టీ ఇంకో పట్టీ మీద రాసుకుంటుంది. ఆ రాపిడే ఊగుడుని చంపుతుంది. అంటే స్ప్రింగులోనే మొరటు డాంపర్ ఒకటి ఉచితంగా వచ్చిందన్నమాట. గుర్రం పరిగెత్తే వేగానికి అది చాలు. అందుకే వందేళ్లపాటు ఎవరికీ డాంపర్ లేని లోటు తెలియలేదు.

మోటారు కార్లు వచ్చి వేగం పెరిగేసరికి ఆ రాపిడిని నమ్ముకోలేని పరిస్థితి వచ్చింది. పట్టీల మధ్య తుప్పు చేరితే బండి కర్రలా బిగుసుకుపోతుంది, గ్రీజు పెడితే ఉయ్యాలైపోతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదలవుతుండగా ఫ్రాన్స్‌లో ట్రుఫో అనే ఆయన కత్తెరలాంటి రెండు చేతుల మధ్య రాపిడి బిళ్లలు బిగించి ఒక పరికరం చేశాడు. ఎడ్వర్డ్ హార్ట్‌ఫర్డ్ దాన్ని అమెరికా తీసుకెళ్లి అమ్మాడు. తర్వాత మారిస్ హుడాయ్ రాపిడి బదులు నూనెని వాడాడు. 1920ల చివర్లో వచ్చిన ఫోర్డ్ మోడల్ ఎకి అమర్చినవి ఆ హుడాయ్ నూనె డాంపర్లే. నూనెలో ఉన్న సుగుణం ఏంటంటే, ఎంత వేగంగా తోస్తే అంత గట్టిగా అడ్డుపడుతుంది. ఎండిన రాపిడికి ఆ తెలివి లేదు.

అసలు మలుపు మాత్రం 1930ల్లో. రోల్స్ రాయిస్ నుంచి జనరల్ మోటార్స్‌కి వచ్చిన మారిస్ ఆలీ 1932లో ఒక కారు మీద బరువులు అటూ ఇటూ జరుపుతూ, మనుషుల్ని ఎక్కించి తిప్పి, ఒంటికి ఏ ఊగుడు బాధ కలిగిస్తుందో కొలిచాడు. ముందు స్ప్రింగులు వెనకవాటికంటే మెత్తగా ఉండాలని తేల్చాడు. నాకు ఈ మొత్తం చరిత్రలో బాగా నచ్చిన మనిషి ఆయనే. సుఖం అనే అస్పష్టమైన మాటని లెక్కలోకి దింపాడు. 1934 మోడళ్లకి ఆ కంపెనీ కార్లలో ముందు చక్రాలు రెండూ దేనికదే స్వతంత్రంగా కదిలే ఏర్పాటూ, చుట్టల స్ప్రింగులూ వచ్చాయి. చుట్ట స్ప్రింగుకి తనలో తనకి రాపిడి దాదాపు లేదు. కమాన్ కట్ట ఉచితంగా ఇచ్చిన సాయం పోయింది. అప్పట్నుంచీ డాంపర్ తప్పనిసరి.

కానీ తప్పనిసరి అయినా అది వేరే వస్తువే. ఇది ముఖ్యం. మన అంబాసిడర్‌నే తీసుకోండి. 1950ల చివర్నుంచి 2014 దాకా తయారైన ఆ కారుకి ముందు మెలితిరిగే ఉక్కు కడ్డీలు, వెనక కమాన్లు. డాంపర్లు వాటి పక్కన విడిగా ఉంటాయి. స్ప్రింగు జోలికి పోకుండానే డాంపర్ విప్పి మార్చేయొచ్చు. కమాను కుంగిపోతే ఆటోనగర్లో దాన్ని కొలిమిలో పెట్టి, కొట్టి, మళ్లీ వంపు తెప్పించేవాళ్లు ఉన్నారు. స్ప్రింగు ఆయుష్షు వేరు, డాంపర్ ఆయుష్షు వేరు. స్ప్రింగు విరగకపోతే కారుతోపాటే పోయేంత కాలం ఉంటుంది. డాంపర్‌లో సీలు అరుగుతుంది, నూనె కారుతుంది, కొన్నేళ్లకి చస్తుంది.

ఎర్ల్ మెక్‌ఫర్సన్ 1945లో షెవర్లే కంపెనీ చిన్న కారు ప్రాజెక్టుకి చీఫ్ ఇంజనీర్. కెడెట్ అని పేరు, వెయ్యి డాలర్ల లోపు అమ్మాలని లక్ష్యం. ధర తగ్గాలంటే విడిభాగాలు తగ్గాలి. ఆయన ఆలోచన ఇది: నూనె గొట్టాన్ని లావుగా, బలంగా చేసి నిటారుగా నిలబెడితే, దాని చుట్టూ స్ప్రింగుని తొడిగితే, చక్రాన్ని పైనుంచి పట్టుకునే ఇనుప చెయ్యి ఒకటి మిగిలిపోతుంది. స్టీరింగు తిప్పినప్పుడు ఆ గొట్టమే చక్రంతోపాటు తిరుగుతుంది. డాంపర్ పనీ, చక్రాన్ని నిలబెట్టే పనీ, తిప్పే ఇరుసు పనీ, మూడూ ఒక్కదానికే. సాఫ్ట్‌వేర్‌లో ఎవరైనా ఇలా మూడు పనుల్ని ఒకే ఫంక్షన్‌లో కుక్కితే రివ్యూలో నేను తిప్పి పంపిస్తాను. ఇక్కడ మాత్రం టోపీ తీసి దణ్ణం పెట్టాలనిపిస్తుంది, అంత పొందికగా ఉంటుంది.

1947లో కంపెనీ కెడెట్‌ని ఆపేసింది. మెక్‌ఫర్సన్ ఫోర్డ్‌కి వెళ్లిపోయాడు. ఆయన స్ట్రట్ అలా యూరప్‌లో ఫోర్డ్ కార్ల కిందకి చేరింది. 1950లో బ్రిటన్‌లో బయటికొచ్చిన కాన్సల్, జెఫిర్ మోడళ్లు దాన్ని నలుగురికీ చూపించాయి. 1970ల్లో ఇంజన్ని అడ్డంగా పెట్టి ముందు చక్రాలనే తిప్పే చిన్న కార్లు వచ్చాక, చోటు ఆదా చేసే ఈ స్ట్రట్‌కి తిరుగులేకుండా పోయింది. 1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ మొదటి మారుతి 800 తాళాలు అందించినప్పుడు, ఆ కారు ముందు చక్రాల దగ్గర ఉన్నవి మెక్‌ఫర్సన్ స్ట్రట్లే.

ఇక కారు కింద సంగతి. పోయిన వేసవిలో గుంటూరులో నాన్న పాత మారుతి 800కి ముందు డాంపర్లూ స్ప్రింగులూ ఇంటి దగ్గరే మార్చాం, నేనూ మా బావా. బావకి ఇది చేయి తిరిగిన పని. పునాది నియమాలు ఆయన పెట్టినవే: జాకీ మీద ఉన్న కారు కింద దూరకూడదు, స్టాండ్లు పెట్టాల్సిందే. మార్చితే రెండు పక్కలా మార్చాలి. చివర్లో వీల్ అలైన్‌మెంట్ తప్పదు, ఎందుకంటే ఇప్పుడు చక్రాన్ని నిలబెట్టేది ఆ గొట్టమే కదా. బోల్టులు తుప్పుపట్టి ఉన్నాయి, నూనె పోసి ఒక రాత్రి వదిలేశాం. స్ట్రట్‌ని కిందా పైనా విప్పి బయటికి తీయడం అంత కష్టం కాలేదు.

బయటికొచ్చాక నేల మీద పెట్టి చూస్తే భయం వేస్తుంది. డాంపర్ కడ్డీ పై కొసన నడిమధ్య ఒక నట్టు ఉంటుంది. స్ప్రింగు మొత్తం ఆ నట్టు కింద అణిగి ఉంటుంది. "దాన్ని మాత్రం ఇప్పుడే ముట్టుకోకురా," అన్నాడు బావ. ముందు స్ప్రింగుకి రెండు పక్కలా కొక్కేల కంప్రెసర్లు తగిలించాలి. ఇటు నాలుగు తిప్పులు, అటు నాలుగు తిప్పులు, రెండూ సమానంగా దగ్గరికి లాగాలి. స్ప్రింగు దాని గిన్నెలోంచి వదులై చేత్తో తిప్పితే తిరగాలి. అప్పుడే ఆ నట్టు.

హుక్ నియమంతో ఒక ఉజ్జాయింపు లెక్క వేద్దాం. మిల్లీమీటరుకి 20 న్యూటన్ల స్ప్రింగు అనుకుని, 15 సెంటీమీటర్లు నొక్కితే, అది దాదాపు 300 కిలోల బరువంత బలంతో తోస్తూ ఉంటుంది. దాగి ఉన్న శక్తి 225 జూల్స్. కిలో రాయిని ఏడంతస్తుల మీద నుంచి వదిలితే నేలని తాకేటప్పుడు ఉండేంత. అది మొహానికి రెండడుగుల దూరంలో, రెండు కొక్కేల మీద ఆధారపడి ఉంటుంది. కంప్రెసర్ నట్లు తిప్పుతున్నంతసేపూ బావ నన్ను స్ప్రింగు కొసకి ఎదురుగా నిలబడనివ్వలేదు.

మెక్‌ఫర్సన్ బేరంలో చెల్లింపు అంటే ఇదే. స్ప్రింగుని నొక్కాల్సిన అవసరం పాత కార్లలో లేదని కాదు. చుట్ట స్ప్రింగు మార్చాలంటే వాటిలోనూ నొక్కాల్సిందే. కానీ స్ప్రింగు ఎప్పుడోగానీ మార్చరు. స్ట్రట్‌లో అలా కాదు, చచ్చేది డాంపర్ అయినా నిద్ర లేపాల్సింది స్ప్రింగుని. అరుదైన ప్రమాదం మామూలు పనిలోకి వచ్చి చేరింది. ఫ్యాక్టరీలో ఈ పనికి ప్రెస్ ఉంటుంది, చుట్టూ అడ్డుకట్ట ఉంటుంది. ఒక చెయ్యి, రెండు కీళ్లు మిగుల్చుకున్న లాభం అక్కడే లెక్కలోకి వెళ్తుంది. ప్రమాదం వాటా పదేళ్ల తర్వాత, వేరే ఊళ్లో, పానా పట్టుకున్నవాడికి వస్తుంది.

ఆ పానా పట్టుకున్నవాడు మన దగ్గర ఎక్కువసార్లు నాలాంటి సరదా మెకానిక్ కాదు. హైవే పక్కన ఒక షెడ్డులో ఓసారి చూశాను. కంప్రెసర్ లేదు. స్ప్రింగు చుట్టలకి లావుపాటి తీగ నాలుగు చోట్ల చుట్టి బిగించారు, పదహారేళ్లు కూడా ఉండని కుర్రాడు స్ట్రట్‌ని కాళ్ల మధ్య పట్టుకుని పై నట్టు విప్పుతున్నాడు. అన్నా, తీగ తెగితే? అని అడిగితే మేస్త్రి, "తెగదు సార్, రోజూ చేసేదేగా," అన్నాడు. ఆ రోజు తెగలేదు. ఆ కారు యజమాని కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగుతూ, లేబర్ ఛార్జీలో ఇంకో వంద తగ్గించమంటున్నాడు.

ఇందులో మెక్‌ఫర్సన్‌ని దోషిని చేయడానికి నాకు మనసొప్పదు. కారు చవగ్గా ఉండాలని ఆయన పడ్డ తపన నిజం, అది లేకపోతే నాన్న కారు కొనేవాడే కాదేమో. నేను అడిగేది చిన్న విషయం. డిజైన్ చరిత్ర రాసేవాళ్లు విడిభాగాలు ఎన్ని తగ్గాయో రాస్తారు, బరువు ఎంత తగ్గిందో రాస్తారు. విప్పడం ఎంత కష్టమైందో ఒక్క వాక్యం కూడా రాయరు. బిగించడం ఒక్కసారే జరుగుతుంది. ఒక కారు జీవితంలో విప్పడం ఎన్నిసార్లో చెప్పలేం.

దీనికి అమెరికా మార్కెట్ ఒక పరిష్కారం కనిపెట్టింది. కొత్త డాంపర్, కొత్త స్ప్రింగు, పై కప్పు అన్నీ ఫ్యాక్టరీలోనే నొక్కి బిగించిన స్ట్రట్‌ని పెట్టెలో అమ్ముతారు. పాతది విప్పి కొత్తది తగిలించడమే, కంప్రెసర్ అక్కర్లేదు. ఇంటి దగ్గర చేసుకునేవాడికి ఇంతకంటే క్షేమమైన దారి లేదు. డాంపర్ కాస్త కారినందుకు, ఇంకా చాలా ఏళ్లు పనిచేయగల స్ప్రింగు కూడా దానితోపాటు పాత ఇనుములోకి పోతుంది. నాన్న కారు పాత స్ప్రింగుల్ని కొత్తవాటి పక్కన నిలబెట్టి కొలిచాం. ఒకటి రెండు మిల్లీమీటర్లు పొట్టిది. రెండోది సరిగ్గా అంతే ఉంది.