రిమ్మోను గుడి ముందు సిపాయి



హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల సంఘాలలో సైన్యంలో చేరాలని తెల్లవారకముందే లేచి పరుగు సాధన చేసే బిడ్డలున్నారు. సెలక్షన్ కావాలని తల్లులు ప్రార్థన విన్నపాలు ఇస్తారు. మనమూ సంతోషంగా ప్రార్థిస్తాము. అయితే సెలక్షన్ అయిన తరువాత ఆ బిడ్డకు ఎదురుకాగల ఒక ప్రశ్న ఉంది. దానికి వారిని సిద్ధపరచడం కూడా మన పనే.

ఆ ప్రశ్న 2025లో సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది. 2017లో అధికారిగా చేరిన ఒక క్రైస్తవ లెఫ్టినెంటు, సిక్కు జవాన్లున్న దళంలో పనిచేశాడు. జవాన్లతో కలిసి మందిరానికి, గురుద్వారాకు కవాతుగా వెళ్ళేవాడు. పూజ, హారతి జరిగేటప్పుడు గర్భగుడి లోపలికి మాత్రం రాలేనని చెప్పాడు. 2021 మార్చిలో ఆయనను ఉద్యోగం నుండి తొలగించారు. ఇది క్రమశిక్షణకు సంబంధించిన విషయమని ఢిల్లీ హైకోర్టు 2025 మే 30న ఆ తొలగింపును సమర్థించింది. నవంబరు 25న సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. లోపలికి వెళ్ళినా విశ్వాసానికి భంగం లేదని ఒక పాస్టరు ఆయనకు సలహా ఇచ్చిన సంగతి కూడా విచారణలో ప్రస్తావనకు వచ్చింది. ఆ మాట దగ్గర మేము ఆగిపోయాము. అలాంటి ఫోను రేపు మన సంఘ బిడ్డ దగ్గర నుండే రావచ్చు. ఏమి చెబుతాము?

ఈ ప్రశ్న బైబిలంత పాతది. సిరియా సైన్యాధిపతి నయమాను కుష్ఠు పోయి, ఇశ్రాయేలు దేవుడే దేవుడని ఒప్పుకున్నాడు. వెంటనే ఆయనను పట్టిన చింత ఏమిటి? రాజు తన చేతిమీద ఆనుకొని రిమ్మోను గుడిలో మ్రొక్కేటప్పుడు తానూ వంగవలసి వస్తుంది, దానిని యెహోవా క్షమించాలని ముందే అడిగాడు. ఎలీషా ఆయనను గద్దించలేదు. వెళ్ళమని చెప్పలేదు, వద్దని కూడా చెప్పలేదు. నెమ్మదితో పంపాడు (2 రాజులు 5:18-19). ఇదే లేఖనాలలో షద్రకు, మేషాకు, అబేద్నెగో ఉన్నారు. వారు రాజోద్యోగులే, అయినా వంగలేదు (దానియేలు 3).

సైనికుని వృత్తిని కూడా లేఖనం ఇలాగే చూసింది. తమ సంగతేమిటని సిపాయిలు అడిగినప్పుడు బాప్తిస్మమిచ్చు యోహాను కత్తి పారవేయమనలేదు. ఎవరినీ బాధపెట్టి సొమ్ము తీసుకోవద్దని, జీతంతో తృప్తిపడమని చెప్పాడు (లూకా 3:14). శతాధిపతియైన కొర్నేలీ ఉద్యోగం విడిచిపెట్టినట్టు అపొస్తలుల కార్యములలో లేదు. కానీ క్రీ.శ. 298లో, ఇప్పటి మొరాకో దేశంలోని టాంజియరులో, మార్సెల్లస్ అనే శతాధిపతి చక్రవర్తి జన్మదినపు బలులు చూసి తన సైనిక పట్టీ విప్పి పడేశాడు. ఆయనకు మరణశిక్ష వేశారు. కొర్నేలీ ఉద్యోగంలో ఉండి సాక్షి అయ్యాడు, మార్సెల్లస్ విడిచిపెట్టి సాక్షి అయ్యాడు.

ఇది రోమా దేశపు కథ మాత్రమే కాదు, మన సీమ కథ కూడా. 1565 యుద్ధం తరువాత విజయనగర రాజధాని మన పెనుకొండకు వచ్చింది. ఆ రాజ్యంలో అంతకు నూరేళ్ళకు పైగా ముందు రెండవ దేవరాయలు ముస్లిం విలుకాండ్రను, రౌతులను సైన్యంలో చేర్చుకున్నాడు. రాజుకు వంగి నమస్కరించడం వారి మనస్సాక్షికి భారమైంది. అందుకని రాజు సింహాసనం ముందు ఖురాను ఉంచి, వారు దోషం లేకుండా సలాము చేసే వీలు కల్పించాడని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. రాజు మర్యాదకు లోటు రాలేదు, సిపాయి మనస్సూ నొచ్చుకోలేదు.

తరువాత వచ్చిన క్రైస్తవ ప్రభువులకు ఆ వివేకం కొరవడింది. టిప్పు సుల్తాను 1799లో పడిపోయాడు. 1800లో నిజాము మన ప్రాంతాన్ని కంపెనీకి ఇచ్చేశాడు. అలా మనం దత్త మండలాల వారమయ్యాము. థామస్ మన్రో కలెక్టరుగా ఉన్న ఆ రోజుల్లోనే మద్రాసు సైన్యంలో కొత్త ఉత్తరువులు వచ్చాయి. కవాతులో నుదుట బొట్టు, నామం ఉండకూడదు, చెవిపోగులు తీసేయాలి, గడ్డాలు కత్తిరించాలి, తోలు గుబ్బ ఉన్న కొత్త తలపాగా పెట్టాలి. టోపీ పెట్టించి మమ్మల్ని క్రైస్తవులను చేస్తారని సిపాయిలు భయపడ్డారు. 1806 జులై 10న వేలూరు కోటలో తిరుగుబాటు లేచింది. నూరుమందికి పైగా ఇంగ్లీషువారు, వందల మంది సిపాయిలు చనిపోయారు. అక్కడే బందీలుగా ఉన్న టిప్పు కుమారుల పేరూ అందులో కలిసింది. అదే సంవత్సరం హైదరాబాదులోనూ, మన హిందూపురానికి దగ్గరలోని నందిదుర్గంలోనూ అలజడి కనబడింది. చివరకు ఉత్తరువులు రద్దయ్యాయి. గవర్నరు బెంటింకును, సేనాపతి క్రాడకును 1807లో వెనక్కి పిలిచారు.

ఆ భయం కంపెనీని ఇంకోవైపు త్రోసింది. 1819లో మీరటులో ప్రభుదీన్ అనే నాయకు బాప్తిస్మం పొందాడు. మిగతా సిపాయిలు కలవరపడతారని ఆయనను పల్టను నుండి తప్పించారు. అలా చేసింది క్రైస్తవులమని చెప్పుకున్న ప్రభుత్వమే. పదమూడేళ్ళ క్రితం బొట్టు చెరిపివేయమన్నదీ అదే ప్రభుత్వం. రెండుసార్లూ బలవంతానికి గురైనది సిపాయి మనస్సాక్షే.

ఈ చరిత్ర మనకెందుకు? నేడు మన బిడ్డ గర్భగుడి వాకిట నిలిచినప్పుడు మనకు బాధ కలుగుతుంది. ఆ బాధ న్యాయమైనదే. అయితే 1806లో నామం చెరిపివేయమన్న రోజున ఆ హిందూ సిపాయికి, గడ్డం కత్తిరించమన్న రోజున ఆ ముస్లిం సిపాయికి కలిగిన బాధ కూడా అదే. మన బిడ్డకు కావాలని అడిగే వెసులుబాటును పక్కింటివారి బిడ్డకూ కోరకపోతే, మనం అడిగేది న్యాయం కాదు, మనకు మాత్రమే అనుకూలం. మనుష్యులు మీకు ఏమి చేయాలని కోరుదురో అదే వారికి చేయమని ప్రభువు నేర్పిన మాట (మత్తయి 7:12) సైన్యం గేటు దగ్గర ఆగిపోదు.

ఇక ఫోను చేసే బిడ్డకు మేము చెప్పేది ఇది. నాయనా, చేరకముందే ఈ సంగతి ఆలోచించుకో. దేశానికి నమ్మకంగా పనిచెయ్యి. నీతో ఉన్న జవాను భక్తిని ఎన్నడూ చులకన చేయకు. పైఅధికారికి నీ ఇబ్బందిని వినయంగా ముందే తెలియజెయ్యి. నయమానువలె లోపల నిలబడవలసి వస్తే, నీ హృదయం ఎవరికి మ్రొక్కుతుందో దేవునికి తెలుసు. నిలబడలేనని నీ మనస్సాక్షి చెబితే, దాని వెల నీ ఉద్యోగమే కావచ్చు. మనం దేశపు తీర్పుకు లోబడేవారము గనుక, ఆ వెలను దూషణ లేకుండా చెల్లించాలి.

సంఘానికి కూడా ఒక మాట. లోపలికి వెళ్ళినవాడిని పడిపోయినవాడని అనకండి. వెళ్ళక ఉద్యోగం పోగొట్టుకొని ఇంటికి వచ్చినవాడిని మొండివాడని అనకండి. పరుని సేవకునికి తీర్పు తీర్చడానికి మనమెవరమని పౌలు అడుగుతున్నాడు (రోమా 14:4). పింఛను లేకుండా తిరిగివచ్చిన బిడ్డకు పని చూపించడం, లోపలికి వెళ్ళి కలతతో ఉన్న బిడ్డతో కూర్చొని ప్రార్థించడం, ఈ రెండూ మన బాధ్యతలే. ఎలీషా ఇచ్చిన నెమ్మది అలా మన చేతుల మీదుగా వారికి చేరాలి.

సరిహద్దుల్లో ఉన్న మన బిడ్డలను, వారి పక్కన నిలిచిన అన్ని మతాల జవాన్లను ప్రభువు కాపాడును గాక. ఆమేన్.