చీకట్లో మెరిసే నీళ్లలో ఈత.. ఎక్కడ దిగొచ్చు? ఎక్కడ దిగకూడదు? నీలి వెలుగు వెనక అసలు సంగతి ఇదీ

చేయి కదిపితే నీలం వెలుగు. కాలు ఆడిస్తే నీలం వెలుగు. పక్క నుంచి ఓ చేప దూసుకెళ్తే నీళ్లలో గీత గీసినట్టు మళ్లీ అదే వెలుగు. ఇన్‌స్టా రీల్స్‌లో ఇలాంటి వీడియోలు చూసి, హాలిడే ట్రిప్‌లో ఒక్కసారైనా అలాంటి నీళ్లలో రాత్రిపూట ఈత కొట్టాలని చాలామంది ఆశపడుతుంటారు. ఇది గ్రాఫిక్స్ మాయ కాదు. నీళ్లలో ఎవరో కెమికల్ కలిపిందీ కాదు. అందులో ఉండే సూక్ష్మజీవులే అలా వెలుగుతాయి. దీన్ని బయోలుమినెసెన్స్ అంటారు. తెలుగులో జీవకాంతి అనుకోవచ్చు. మన పొలం గట్ల మీద మిణుగురు పురుగులు చేసే పని కూడా ఇదే.

అయితే ఇక్కడ ఓ తిరకాసు ఉంది. మెరిసే నీళ్లన్నీ ఒకటి కాదు. కొన్ని చోట్ల ఏడాదిలో ఎక్కువ రోజులు సహజంగానే మెరుస్తాయి. కొన్ని చోట్ల మాత్రం ఉన్నట్టుండి రెండు మూడు రాత్రులు మెరిసి ఆగిపోతాయి. ఈ రెండో రకం చాలాసార్లు సముద్రంలో ఏదో తేడా జరిగిందనడానికి గుర్తు. ఇంకో విచిత్రం ఏంటంటే.. ప్రపంచంలోనే బాగా మెరిసే చోటుగా పేరున్న బే‌లో అసలు ఈతే నిషేధం.

వెలుగు ఎలా పుడుతుంది?

ఈ పని చేసేవాటిలో ఎక్కువ భాగం డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవులు. ఒక్కోటి ఒకే ఒక్క కణం. చాలా రకాలు మామూలు కంటికి కనిపించవు. వీటి లోపల లూసిఫెరిన్ అనే పదార్థం, దాన్ని మండించినట్టుగా పనిచేసే లూసిఫెరేజ్ అనే ఎంజైమ్ ఉంటాయి. నీరు కదిలి కణం గోడ మీద ఒత్తిడి పడగానే లోపల ఓ విద్యుత్ సంకేతం పరిగెడుతుంది. ఆ వెంటనే కణంలో ఆమ్లత్వం మారుతుంది, ఎంజైమ్ మేల్కొంటుంది, ఆక్సిజన్‌తో చర్య జరిగి నీలం కాంతి బయటికొస్తుంది. ఇదంతా సెకనులో పదో వంతులో అయిపోతుంది. వేడి మాత్రం దాదాపు పుట్టదు. అందుకే ఆ నీళ్లలో చేయి పెట్టినా వెచ్చగా ఏమీ అనిపించదు.

ఇవి టైమ్ కూడా పాటిస్తాయి. చాలా రకాలు పగలు మొక్కల్లాగా ఎండతో ఆహారం తయారు చేసుకుంటాయి. చీకటి పడ్డాకే వెలుగు డ్యూటీ ఎక్కుతాయి. పగటిపూట ఆ నీళ్లను సీసాలో పట్టుకెళ్లి చీకటి గదిలో ఊపినా పెద్దగా మెరవవు.

మరి ఎందుకు వెలుగుతాయి? శాస్త్రవేత్తలు ఎక్కువగా చెప్పే వివరణకు దొంగల అలారం అని పేరు. వీటిని తినడానికి చిన్న చిన్న రొయ్యల్లాంటి జీవులు వస్తాయి. తినబోయేటప్పుడు మెరుపు వస్తే, ఆ వెలుగులో ఆ జీవి పెద్ద చేప కంట పడుతుంది. అంటే "దొంగ ఇక్కడున్నాడు" అని చూపించడం అన్నమాట. ఆ లెక్కన నీళ్లలోకి దూకిన టూరిస్టు కూడా వాటికి దొంగే. మనం ముచ్చటపడి చూసే ప్రతి మెరుపూ వాటి వైపు నుంచి చూస్తే ఓ కేక.

బాగా మెరిసే చోట దిగనివ్వరు

కరేబియన్ సముద్రంలో ప్యూర్టోరికోకు చెందిన వియెకస్ అనే చిన్న దీవి ఉంది. అక్కడి మస్కిటో బేకి ప్రపంచంలోనే అత్యంత ప్రకాశవంతమైన బయోలుమినెసెంట్ బేగా గిన్నిస్ రికార్డు ఉంది. ఒక్క గాలన్ నీటిలోనే ఈ జీవులు లక్షల్లో ఉంటాయి. వాటి పేరు పైరోడినియం బహామెన్స్.

అన్ని లక్షలు అక్కడే ఎందుకు పోగయ్యాయంటే.. ఆ బే ఆకారం అలాంటిది. సముద్రంలోకి వెళ్లే దారి చాలా ఇరుకు. లోపలికి చేరిన నీరు తొందరగా బయటికి పోదు. చుట్టూ మడ అడవులు. రాలిన ఆకులు కుళ్లి నీళ్లలో కలుస్తుంటే ఈ జీవులకు కావాల్సిన పోషకాలు, విటమిన్లు దొరుకుతాయి. మనకు కోరింగ మడ అడవులు తెలుసు కదా, అలాంటి చెట్లే. ఆ చెట్లు నరికేసినా, ఒడ్డున లైట్లు పెరిగినా, మోటారు బోట్లు ఎక్కువైనా వెలుగు తగ్గిపోతుంది.

ఒకప్పుడు టూరిస్టులు ఇక్కడ హాయిగా ఈత కొట్టేవాళ్లు. 2007 నుంచి ఆపేశారు. మనుషుల ఒంటి మీద సన్‌స్క్రీన్, దోమల మందు, పెర్ఫ్యూమ్, లోషన్లు ఉంటాయి. ఒక్కరి వల్ల పెద్దగా ఏమీ కాకపోవచ్చు. కానీ సరిగా కదలని నీళ్లలో రోజూ వందల మంది దిగితే అదంతా అక్కడే పేరుకుంటుంది. ఇప్పుడు కయాక్‌లో కూర్చుని చూసి రావడమే. కొందరు అడుగు భాగం పారదర్శకంగా ఉండే కయాక్‌లు ఇస్తారు. దిగలేకపోయామన్న వెలితిని అవి కొంత తీరుస్తాయి.

ఈ జాగ్రత్త అతి కాదని 2017లో అందరికీ అర్థమైంది. ఆ సెప్టెంబర్‌లో మారియా తుపాను ప్యూర్టోరికోను చిదిమేసింది. మడ చెట్లు విరిగిపోయాయి, కుండపోత వానకు బే నీళ్ల ఉప్పదనం తేడా వచ్చింది. నెలల తరబడి అక్కడ చీకటే. తర్వాత మెల్లగా వెలుగు తిరిగొచ్చింది. అదే ప్యూర్టోరికోలో ఫహార్డో దగ్గరి లగూనా గ్రాందే కూడా 2013 చివర్లో కొన్నాళ్లు ఆరిపోయింది. అంటే ఇది స్విచ్ వేస్తే వెలిగే లైటు కాదు. ఎప్పుడైనా ఆరిపోవచ్చు.

మరి ఈతకి ఎక్కడ?

ప్యూర్టోరికోలోనే నైరుతి మూల లా పార్గెరా అనే ఊరు ఉంది. అక్కడ నీళ్లలోకి దిగనిస్తారు. బోటు లోపలికి తీసుకెళ్లి, లైట్లు ఆర్పేసి, టూరిస్టులను దింపుతారు. కాకపోతే ఏళ్లుగా బోట్ల రాకపోకలు, ఒడ్డున కట్టడాలు పెరిగి ఇక్కడ వెలుగు మునుపటంత లేదు. దిగనివ్వని చోట వెలుగు ఎక్కువ, దిగనిచ్చే చోట వెలుగు తక్కువ. ఇది కాకతాళీయం అనుకోవడం కష్టమే.

జమైకాలో ఫల్మత్ దగ్గర ఉన్న లూమినస్ లగూన్ ఇంకో పేరున్న చోటు. మార్తా బ్రే నది సముద్రంలో కలిసే చోట ఇది ఏర్పడింది. పైన నది నుంచి వచ్చిన మంచినీటి పొర, కింద ఉప్పునీరు. లోతు తక్కువే, అడుగున మెత్తటి బురద. బోటు టూర్‌లో ఈత కూడా ఉంటుంది.

దిగినవాళ్లకు కనిపించేది రీల్స్‌లో చూసినట్టు మాత్రం ఉండదు. ఇది ముందే తెలిస్తే నిరాశ ఉండదు. కెమెరా లెన్స్ కొన్ని సెకన్ల పాటు తెరిచి ఉంచి తీసిన ఫోటోల్లో వెలుగంతా ఒకచోట పోగై ముదురు నీలంగా కనిపిస్తుంది. మనిషి కంటికి చీకట్లో రంగులు సరిగా తెలియవు. అందుకే చాలామందికి అది లేత నీలంగానో, బూడిద కలిసిన తెలుపుగానో కనిపిస్తుంది. కన్ను చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఈలోగా ఎవరైనా ఫోన్ టార్చ్ వేశారంటే మళ్లీ మొదటికి. గైడ్లు ఫోన్లు లోపల పెట్టమని పదే పదే చెప్పేది అందుకే.

కళ్లు కుదురుకున్నాక మాత్రం అసలు మజా. నీళ్లలో చేయి ఆడిస్తే వేళ్ల చుట్టూ కాకరపువ్వొత్తి వెలిగించినట్టు రవ్వలు. చేయి పైకెత్తితే నీటి చుక్కలు మెరుస్తూ జారతాయి. కదలకుండా తేలుతూ ఉంటే మొత్తం చీకటే. కదిలిన చోటే వెలుగు, కదిలినంత సేపే వెలుగు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు దగ్గర దారి ఫ్లోరిడా. ఓర్లాండో ట్రిప్‌కి వెళ్లినవాళ్లు గంట డ్రైవ్ చేస్తే మెరిట్ ఐలాండ్, టైటస్‌విల్ వైపు ఇండియన్ రివర్ లగూన్ వస్తుంది. వేసవి నెలల్లో అక్కడ రాత్రి కయాక్ టూర్లు నడుస్తాయి. కానీ అది మొసళ్ల జాతికి చెందిన ఆలిగేటర్లు తిరిగే ప్రాంతం. కయాక్ దిగకుండా చూసి రావడమే మేలు.

మన దేశంలో సంగతేంటి?

"కుంబళంగి నైట్స్" సినిమా చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. రాత్రి నీళ్లలో చేయి ముంచగానే నీలంగా మెరిసే సీన్. 2019లో ఆ మలయాళ సినిమా వచ్చాక కొచ్చి పక్కనున్న కుంబళంగికి జనం వరస కట్టారు. అక్కడివాళ్లు ఆ వెలుగును కవరు అంటారు. వేసవిలో వానలు లేక బ్యాక్‌వాటర్స్‌లో ఉప్పదనం పెరిగినప్పుడు ఇది బాగా కనిపిస్తుంది. అయితే అవి ఈత కొలనులు కావు. ఎవరో ఒకరు రొయ్యలు, చేపలు పెంచుకునే లోతులేని నీళ్లు. గోదావరి జిల్లాల్లో రొయ్యల చెరువులున్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అడగకుండా చెరువులో దిగితే ఎలా ఉంటుందో వాళ్లకు తెలుసు. గట్టు మీద కూర్చుని చేత్తో నీళ్లు కదిపి చూడటం వరకే.

అండమాన్‌లోని హావ్‌లాక్, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, మడ అడవుల మధ్య రాత్రి కయాకింగ్ ఉంది. తెలుగు రాష్ట్రాల నుంచి హనీమూన్‌కి వెళ్లేవాళ్లు దీన్ని లిస్టులో పెట్టుకుంటున్నారు. ఇక్కడా ఒంటరిగా నీళ్లలో దిగే ఆలోచన వద్దు. అండమాన్ క్రీకుల్లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. 2010లో ఇదే హావ్‌లాక్‌లో స్నార్కెలింగ్ చేస్తున్న ఓ అమెరికా టూరిస్టు మొసలి దాడిలో చనిపోయారు. అది పట్టపగలు. రాత్రి అయితే మొసలి కనిపించే అవకాశం ఇంకా తక్కువ.

ఇక చెన్నై. 2019 ఆగస్టులో, మళ్లీ 2024 అక్టోబర్‌లో అక్కడి బీచ్‌లలో అలలు నీలంగా మెరిశాయి. వీడియోలు వైరల్ అయ్యి జనం పరిగెత్తారు. మన తీరాల్లో ఇలా ఉన్నట్టుండి మెరుపులు రావడానికి ఎక్కువసార్లు కారణం నాక్టిల్యూకా. ఇది డైనోఫ్లాజెల్లేట్లలో పెద్దది, కొన్ని మిల్లీమీటరు సైజు వరకు పెరుగుతాయి. నీళ్లలో పోషకాలు ఎక్కువైనప్పుడు ఇది విపరీతంగా పెరిగిపోతుంది. రాత్రి నీలంగా మెరిసే ఆ నీళ్లే పగలు చూస్తే ఎర్రగానో, చిక్కటి ఆకుపచ్చగానో కనిపిస్తాయి.

నాక్టిల్యూకా మనుషులను చంపే విషమేమీ తయారు చేయదు. కానీ దాని లోపల అమ్మోనియా పేరుకుంటుంది. గుంపులు గుంపులుగా చచ్చి కుళ్లినప్పుడు నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. 2019 సెప్టెంబర్‌లో తమిళనాడు మన్నార్ గల్ఫ్‌లో నాక్టిల్యూకా పెరిగినప్పుడు చేపలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. అరేబియా సముద్రంలో చలికాలం ఇది వ్యాపించడానికి, అక్కడి నీళ్లలో ఆక్సిజన్ తగ్గడానికి సంబంధం ఉందని కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు పాల్గొన్న బృందం 2014లోనే చెప్పింది. కాబట్టి చేపల వేట మీద బతికేవాళ్లకు ఈ నీలి వెలుగు సంబరం కాదు.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాల సాయంతో ఇలాంటి ఆల్గే పెరుగుదల మీద సమాచారం ఇస్తోంది. పెద్ద అలల హెచ్చరికలు ఇచ్చేది కూడా ఈ సంస్థే. బీచ్‌కి బయల్దేరే ముందు ఆ హెచ్చరికలు ఒకసారి చూసుకుంటే చాలు.

అసలు ప్రమాదం వెలుగు కాదు

మెరిసే నీళ్లలో ఈత అంటే అందరూ "చర్మానికి ఏమైనా అవుతుందా" అని అడుగుతారు. టూర్లు నడిచే బేల్లో ఈత కొట్టినవాళ్లకు మామూలుగా ఏమీ కాదు. ఉన్నట్టుండి రంగు మారిన, వాసన వస్తున్న, చచ్చిన చేపలు తేలుతున్న నీళ్లలో మాత్రం కాలు పెట్టకూడదు. ఒంటి మీద పుండు, తెగిన గాయం ఉంటే గోరువెచ్చని ఉప్పునీళ్లలో ఉండే విబ్రియో బ్యాక్టీరియాతో ఇన్‌ఫెక్షన్ రావచ్చు. షుగర్, లివర్ జబ్బులు ఉన్నవాళ్లకు అది ప్రాణాల మీదకు కూడా తెస్తుంది.

తిండి విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. వియెకస్‌లో వెలిగే పైరోడినియం జాతికే చెందిన ఆసియా రకం ఫిలిప్పీన్స్‌లో 1983 నుంచి పదే పదే రెడ్ టైడ్‌లు తెచ్చింది. ఆ సమయంలో ఆల్చిప్పలు తిన్నవాళ్లు నరాలు పట్టేసి చనిపోయిన కేసులున్నాయి. అక్కడ ముప్పు తెచ్చింది ఈత కాదు, ఆ నీళ్లను వడగట్టుకుని తినే ఆల్చిప్పలు.

ఇవన్నీ ఒక ఎత్తు, మునిగిపోవడం ఒక ఎత్తు. చెన్నై, విశాఖ లాంటి చోట్ల తెరిచి ఉన్న సముద్రంలో రాత్రి దిగడం అంటే, వెలుగు ఉన్నా లేకపోయినా ప్రాణాలతో ఆట. లోపలికి లాగే రిప్ కరెంట్ పగలే కనిపెట్టడం కష్టం. రాత్రి లైఫ్‌గార్డులు ఉండరు. ఒడ్డున ఉన్నవాళ్లకు మునిగేవాళ్ల తల కూడా కనిపించదు. మందు తాగి దిగితే ఇక చెప్పేదేముంది. అలలు మెరుస్తుంటే మోకాళ్లు తడవని చోటే నిలబడి చూడటం సరిపోతుంది.

దిగనిచ్చే చోట కూడా కొన్ని పద్ధతులున్నాయి. సాయంత్రమే స్నానం చేసి ఒంటి మీద సన్‌స్క్రీన్, దోమల మందు లేకుండా వెళ్లాలి. దోమలకు ఫుల్ హ్యాండ్స్ రాష్‌గార్డ్ వేసుకుంటే చాలు, జెల్లీఫిష్ తగిలినా కొంత అడ్డుగా ఉంటుంది. ఈత బాగా వచ్చినా లైఫ్ జాకెట్ తీయొద్దు. అడుగున బురదో, రాళ్లో కనిపించవు కాబట్టి తల ముందుగా దూకే పని అసలే వద్దు.

టికెట్లు బుక్ చేసేటప్పుడు చూడాల్సింది చంద్రుణ్ని. పౌర్ణమి దగ్గర వెళ్తే సగం డబ్బు వృథా. వెన్నెలలో ఈ వెలుగు పెద్దగా తెలియదు. కొన్ని చోట్ల టూర్ ఆపరేటర్లే ఆ రోజుల్లో ట్రిప్ ఆపేస్తారు. అమావాస్య రాత్రి అన్నిటికంటే మంచిది. అమావాస్య నాడు ప్రయాణం వద్దనే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే గొడవ పడక్కర్లేదు, ముందే చేరుకుని ఉండొచ్చు. లేదంటే పాడ్యమి, విదియ రాత్రులు చూసుకోవచ్చు. ఆ రోజుల్లో నెలవంక పొద్దుగూకిన కాసేపటికే అస్తమిస్తుంది. ఎనిమిదిన్నర, తొమ్మిది తర్వాత టూర్ అయితే ఆకాశంలో చుక్కలు తప్ప ఇంకేమీ ఉండవు.