న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్టు: వృత్తి చరిత్ర, దక్షిణ పాలమూరు సందర్భం

ఆసుపత్రిలో రేడియోధార్మిక మందును సిద్ధం చేసి, కొలిచి, వైద్యుడి పర్యవేక్షణలో రోగికి ఇచ్చి, ఆ మందు శరీరంలో ఎక్కడికి చేరిందో గామా కెమెరాతోనో పెట్ స్కానర్‌తోనో చిత్రించే ఉద్యోగి న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్టు. ఎక్స్‌రేలో కిరణం యంత్రం నుంచి వచ్చి ఒంటిని దాటి పోతుంది. ఇక్కడ కిరణం రోగి ఒంట్లోంచే బయటికి వస్తుంది. అందుకే ఈ బొమ్మలు అవయవం ఆకారం కన్నా దాని పనితీరు ఎక్కువగా చెబుతాయి: మూత్రపిండం ఎంత వడపోస్తోంది, గుండె కండరానికి నెత్తురు అందుతోందా, రొమ్ము క్యాన్సరు ఎముకకు పాకిందా అన్నవి వీటిలో తెలుస్తాయి.

ఈ వృత్తిని నడిపించేది గడియారం. వాడే మందు తయారైన క్షణం నుంచే తరుగుతూ ఉంటుంది, ఎవరి కోసమూ ఆగదు. ఏ ఊళ్లో ఈ విభాగం ఉంటుంది, ఏ ఊరి రోగి ఎంత దూరం ప్రయాణం చేయాలి అన్నది కూడా చాలావరకు ఆ తరుగుదలే తేల్చింది. దక్షిణ పాలమూరులోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల రోగులు బోన్ స్కాన్‌కో పెట్ స్కాన్‌కో ప్రధానంగా హైదరాబాదు బస్సెక్కడానికి ఒక కారణం ఇదే.

తొలి అడుగులు

రేడియోధార్మికతను హెన్రీ బెక్వెరెల్ 1896లో గుర్తించాడు. దాన్ని జాడ పట్టే సాధనంగా వాడవచ్చని చూపినవాడు హంగరీకి చెందిన జార్జ్ హెవెషీ. 1913లో ఫ్రిట్జ్ పానెత్‌తో కలిసి ఆ పద్ధతికి పునాది వేశాడు. 1943 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి ఆయనకు దక్కింది దీనికే. మనిషి మీద తొలి ప్రయోగం చేసినవాడు బోస్టన్ వైద్యుడు హెర్మన్ బ్లమ్‌గార్ట్. 1920ల నడుమ ఆయన రేడియోధార్మిక ద్రావణాన్ని ఒక చేతి నరంలోకి ఎక్కించి, అది రెండో చేతికి చేరడానికి పట్టే సెకన్లను లెక్కపెట్టాడు. నెత్తురు ఎంత వేగంగా పారుతోందో అలా తెలిసింది.

తర్వాతి మలుపు థైరాయిడ్ గ్రంథి దగ్గర వచ్చింది. గ్లెన్ సీబోర్గ్, జాన్ లివింగుడ్ 1938లో అయోడిన్-131ని కనుగొన్నారు. మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో సాల్ హెర్ట్జ్ 1941లో రేడియో అయోడిన్‌తో థైరాయిడ్ రోగికి చికిత్స చేశాడు. 1946 ఆగస్టులో ఓక్ రిడ్జ్ రియాక్టరులో తయారైన కార్బన్-14 సెయింట్ లూయిస్‌లోని ఒక క్యాన్సరు ఆసుపత్రికి వెళ్లింది. అప్పటిదాకా యుద్ధ రహస్యంగా ఉన్న రియాక్టర్ల ఉత్పత్తి అలా ఆసుపత్రి గడప తొక్కింది.

ఆ రోజుల్లో టెక్నాలజిస్టు అనే ఉద్యోగం వేరుగా లేదు. ఎక్స్‌రే విభాగంలోనో ల్యాబులోనో పనిచేసేవాళ్లే గైగర్ కౌంటరును రోగి మెడ మీద చుక్క చుక్కకీ జరుపుతూ అంకెలు రాసుకునేవారు. బెనెడిక్ట్ కాసెన్ 1950-51లో ఆ జరిపే పనిని యంత్రానికి అప్పగించాడు. ఆ స్కానర్ వరుస వెంట వరుస నడుస్తూ కాగితం మీద చుక్కలు పెట్టేది. చిన్న అవయవానికి కూడా చాలాసేపు పట్టేది, నడుమ రోగి కదిలితే బొమ్మ పోయేది. హాల్ యాంగర్ 1957లో నిర్మించిన గామా కెమెరా అవయవం మొత్తాన్ని ఒకేసారి చూడగలిగింది. సన్నటి రంధ్రాల సీసపు పలక, దాని వెనక సోడియం అయొడైడ్ స్ఫటికం, ఆ వెనక కాంతిని విద్యుత్తుగా మార్చే గొట్టాలు: నేటి కెమెరాలలో చాలావాటి ఎముకగూడు ఇప్పటికీ అదే.

జనరేటరు వచ్చాక

కెమెరా ఉన్నా సరైన మందు లేకపోతే పని సాగదు. ఎమీలియో సెగ్రే, కార్లో పెరియర్ 1937లో గుర్తించిన టెక్నీషియం మూలకం ఆ కొరత తీర్చింది. దాని టెక్నీషియం-99ఎం రూపానికి అర్ధాయువు 6 గంటలు. పరీక్షకు చాలినంత సేపు ఉంటుంది, రోగి ఒంట్లో అనవసరంగా మిగలదు. అయితే 6 గంటల్లో సగమయ్యే సరుకును దూరపు ఆసుపత్రికి పంపేదెలా?

ఈ చిక్కును విప్పింది బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల. అక్కడ 1950ల చివర వాల్టర్ టకర్, మార్గరెట్ గ్రీన్ మాలిబ్డినం-99 జనరేటరును రూపొందించారు. దాన్ని వైద్యంలో వాడాలని పవెల్ రిచర్డ్స్ 1960లో గట్టిగా ప్రతిపాదించాడు. 66 గంటల అర్ధాయువున్న మాలిబ్డినం సీసపు డబ్బాలో కూర్చుని, రోజూ కొంత టెక్నీషియంగా మారుతుంది. సెలైన్ పోస్తే టెక్నీషియం మాత్రమే దిగుతుంది. మర్నాటికి మళ్లీ ఊరుతుంది. ప్రపంచమంతటా ఈ మందులు సిద్ధం చేసే హాట్ ల్యాబులలో ఈ పనిని ఆవును పితకడం అనే అంటారు. వారం గడిచేసరికి డబ్బాలోని మాలిబ్డినం ఆరో వంతుకు పడిపోతుంది, అప్పుడు కొత్తది రావాలి.

ఈ డబ్బా వల్లే రియాక్టరుకు వందల కిలోమీటర్ల దూరంలోని ఊరికి కూడా అణువైద్యం చేరగలిగింది. సిరక్యూస్‌లో పనిచేసిన భారతీయ శాస్త్రవేత్త గోపాల్ సుబ్రమణియన్, జాన్ మెక్‌అఫీతో కలిసి 1971లో టెక్నీషియం ఆధారిత ఎముకల మందును ప్రకటించాడు. బోన్ స్కాన్ ప్రతి పెద్ద ఆసుపత్రికీ మామూలు పరీక్ష కావడానికి అది దారి వేసింది. సరఫరా ఎంత సున్నితమైనదో 2009లో తెలిసింది. ఆ ఏడు మేలో కెనడాలోని చాక్ రివర్ రియాక్టరు ఆగిపోయి, మరుసటి ఏడు ఆగస్టు దాకా నడవలేదు. పలు దేశాల ఆసుపత్రులు స్కాన్‌లను వాయిదా వేయాల్సి వచ్చింది.

భారతదేశంలో

ట్రాంబేలో అప్సర రియాక్టరు 1956 ఆగస్టు 4న పనిచేయడం మొదలుపెట్టింది. ఆసియాలో అదే మొదటిది. దాని నియంత్రణ వ్యవస్థ తయారైంది ఒక తెలుగు శాస్త్రవేత్త నాయకత్వంలో. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు ఆయన. తర్వాత 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్‌ను నిలబెట్టిందీ ఆయనే. 

వైద్యం వైపు ఢిల్లీలో 1956లో మొదలైన రేడియేషన్ సెల్ 1961లో ఇన్మాస్ సంస్థ అయింది. బొంబాయి పరేల్‌లో 1963లో రేడియేషన్ మెడిసిన్ సెంటర్ ఏర్పడింది. టెక్నాలజిస్టులకు డీఎంఆర్ఐటీ డిప్లొమా నేర్పిన ప్రధాన బడి ఇదే. అక్కడ శిక్షణ పొందినవారు దేశంలోని అనేక విభాగాలకు తొలి సిబ్బంది అయ్యారు. ఆసుపత్రులకు ఐసోటోపులు అందించే బ్రిట్ సంస్థ 1989లో విడిగా ఏర్పడింది. దేశంలో మొదటి మెడికల్ సైక్లోట్రాన్, మొదటి పెట్ స్కానర్ 2002లో ఈ పరేల్ కేంద్రంలోనే పని ప్రారంభించాయి.

హైదరాబాదులో రేడియం పేరుతో క్యాన్సరు వైద్యం 1955 నుంచే ఉంది. మెహదీ నవాజ్ జంగ్ చొరవతో వెలసిన ఆ ఆసుపత్రే నేటి ఎంఎన్‌జే. రేడియం చికిత్సలో మూలకం గొట్టంలో మూసి ఉంటుంది. న్యూక్లియర్ మెడిసిన్‌లో మందు ద్రవంగా నెత్తురులో కలుస్తుంది కాబట్టి ఆ పనికి వేరే గదులు, వేరే నైపుణ్యం కావాలి. అవి నిమ్స్, బసవతారకం వంటి ఆసుపత్రులలోనూ, తిరుపతి స్విమ్స్‌లోనూ ప్రత్యేక విభాగాలుగా ఎదిగాయి.

హాట్ ల్యాబ్ నుంచి కెమెరా దాకా

టెక్నాలజిస్టు దినచర్య రోగులు రాకముందే మొదలవుతుంది. ముందు డోస్ క్యాలిబ్రేటరు నిన్నటిలాగే కొలుస్తోందా అని సరిచూడాలి. కోబాల్ట్-57 పలకను కెమెరా ముందు పెట్టి, బొమ్మ అంతటా ఒకే తీరుగా వస్తోందో లేదో చూడాలి. ఆ తర్వాత జనరేటరు. దిగిన టెక్నీషియంలో మాలిబ్డినం కలిసిందేమో పరీక్షించాకే అది మందవుతుంది. సీసపు గాజు వెనక నిలబడి, పొడవాటి పటకారుతో సీసాను పట్టుకుని, ఒక్కో పరీక్షకు ఒక్కో కిట్‌లో కలుపుతారు: ఎముకలకు ఎండీపీ, మూత్రపిండాలకు డీటీపీఏ, గుండెకు మిబి.

లెక్క ఇక్కడే పదునుగా ఉండాలి. మధ్యాహ్నం రెండు గంటలకు 20 మిల్లీక్యూరీలు కావాలంటే ఉదయం ఎనిమిదికి 40 చేతిలో ఉండాలి. గద్వాల బస్సు ఆలస్యమైతే ఆ రోగికి ముందే నింపి ఉంచిన డోసు పలచనవుతుంది, మళ్లీ లెక్క కట్టాలి.

బోన్ స్కాన్‌కు ఇంజెక్షను ఇచ్చాక దాదాపు మూడు గంటలు ఆగాలి. ఆలోపు నీళ్లు బాగా తాగాలి, కెమెరా కిందికి వెళ్లే ముందు మూత్రానికి వెళ్లి రావాలి. మూత్రాశయంలో మందు నిండి ఉంటే కటి ఎముకల్లోని మచ్చ ఆ వెలుగులో కనపడకుండా పోతుంది. ఒక చుక్క బట్ట మీద పడినా అది ఎముకలో జబ్బులా కనిపించగలదు. అందుకే అనుభవం ఉన్న టెక్నాలజిస్టు అనుమానం వస్తే బట్ట మార్పించి మళ్లీ బొమ్మ తీస్తారు. “అవ్వా, ఇరవై నిమిషాలే, కదలకుండ పండుకోవాలె. మెషీను నిన్ను తాకదు, నేను ఈడనే ఉంట” అని చెప్పడమూ ఈ పనిలో భాగమే. నడుము నొప్పితో వెల్లకిలా పడుకోలేని మనిషిని దిండ్లతో ఆనించి ఆ ఇరవై నిమిషాలు నిలపగలిగితేనే వైద్యుడు చదవదగిన బొమ్మ వస్తుంది.

పసికందులతో పని ఇంకా ఓపిక కోరుతుంది. పుట్టుకామెర్లు తగ్గని బిడ్డకు పైత్యనాళం మూసుకుపోయిందా అని చూసే హైడా స్కాన్‌లో, మందు పేగులోకి దిగిందో లేదో తేల్చడానికి 24 గంటల తర్వాత కూడా బొమ్మ తీయాల్సి వస్తుంది. బాలింతకు ఎంతసేపు పాలు ఆపాలో, ఏ వయసు స్త్రీని నెల తప్పిందేమో అని మర్యాదగా అడగాలో టెక్నాలజిస్టుకు తెలిసి ఉండాలి.

రక్షణ

ఛాతీ మీద టీఎల్‌డీ బ్యాడ్జి ఈ ఉద్యోగికి గుర్తింపు కార్డంత తప్పనిసరి. సాధారణంగా మూడు నెలలకోసారి దాన్ని పంపి, ఒంటికి ఎంత రేడియేషను తగిలిందో లెక్క తెప్పిస్తారు. 1983 నవంబరు 15న ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి, ఏఈఆర్‌బీ, సిబ్బందికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30కి మించరాదని పరిమితి పెట్టింది.

పనిలో నేర్చుకునే సూత్రాలు మూడు: తక్కువ సేపు, ఎక్కువ దూరం, నడుమ అడ్డు. దూరం రెండింతలైతే తగిలే మోతాదు నాలుగో వంతుకు తగ్గుతుంది. టెక్నీషియం కిరణాన్ని సగం చేయడానికి సుమారు పావు మిల్లీమీటరు సీసం చాలు. పెట్ స్కాన్‌లో వాడే చక్కెర రూపపు మందు ఎఫ్‌డీజీ కిరణానికి నాలుగు మిల్లీమీటర్లకు పైనే కావాలి. మామూలు సీసపు ఏప్రాన్ అక్కడ పెద్దగా ఆదుకోదు. టంగ్‌స్టన్ కవచంలో పెట్టిన సిరంజి, వణకని చెయ్యి, ముందే వెతికి పెట్టుకున్న నరం ఆదుకుంటాయి.

నల్లమల, యురేనియం, రోగి భయం

నాగర్‌కర్నూల్ జిల్లాలో రేడియోధార్మికత అనే మాట ఆసుపత్రి కన్నా ముందు అడవి మీదుగా జనంలోకి వచ్చింది. నల్లమల అడవిలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు 2019 మేలో కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా మొగ్గు చూపింది. చెంచు పెంటల నుంచి హైదరాబాదు దాకా నిరసన లేచింది. నల్లమలలో యురేనియం తవ్వకం వద్దని తెలంగాణ శాసనసభ 2019 సెప్టెంబరు 16న తీర్మానించింది.

తమ నేల, నీళ్ల గురించి ఆ జనం పడిన ఆందోళన గౌరవించదగినది. ఆ ఆందోళనను విన్న ఊళ్ల నుంచి వచ్చిన రోగి, ఒంట్లోకి రేడియోధార్మిక మందు ఎక్కిస్తామంటే ఉలిక్కిపడటం సహజం. జవాబు చెప్పాల్సింది ఎదురుగా సిరంజితో నిలబడిన టెక్నాలజిస్టే. యురేనియంకూ ఈ మందుకూ చుట్టరికం లేదని చెప్పడం నిజం కాదు. జనరేటరులోని మాలిబ్డినం ఎక్కువగా పుట్టేది రియాక్టరులో యురేనియం చీలినప్పుడే. తేడా అంతా ఆయువులో, మోతాదులో ఉంది. యురేనియం-238 సగం కావడానికి దాదాపు 447 కోట్ల ఏళ్లు పడుతుంది. టెక్నీషియంకు 6 గంటలు చాలు. 60 గంటలకు, అంటే రోగి ఇల్లు చేరి రెండు రోజులు గడిచేసరికి, వెయ్యో వంతు కూడా మిగలదు. విభాగంలో వాడిన సిరంజీలను కూడా ఇదే లెక్కన పది అర్ధాయువులు దాచాకే బయటికి పంపుతారు.

మూడు జిల్లాలకు మిగిలిన దూరం

ఈ మూడు జిల్లాలూ 2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి వేరుపడ్డాయి. ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం ఆరోగ్యశ్రీని 2007 ఏప్రిల్ 1న మొదట అమలు చేసిన మూడు జిల్లాలలో ఆ ఉమ్మడి మహబూబ్‌నగర్ ఒకటి. శస్త్రచికిత్స ఖర్చుకు దారి దొరికినా, కొన్ని పరీక్షల ప్రయాణం మాత్రం తప్పలేదు.

పెట్ స్కాన్‌కు ఆ ప్రయాణం ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. ఎఫ్‌డీజీ అర్ధాయువు సుమారు 110 నిమిషాలు. హైదరాబాదులో నింపిన డోసు మూడు గంటల నలభై నిమిషాలకు గద్వాల చేరితే నాలుగో వంతే మిగులుతుంది. రోగి నాలుగు నుంచి ఆరు గంటలు పరగడుపున ఉండాలి, చక్కెర అదుపులో ఉండాలి, ఇంజెక్షను తర్వాత గంటసేపు మాట్లాడకుండా పడుకోవాలి. చక్కెర జబ్బున్న రైతు తెల్లవారుజామున వనపర్తిలో బయలుదేరి ఇవన్నీ పాటించడం కష్టం. ముందురోజు ఫోనులో సూచనలు విడమరచి చెప్పే టెక్నాలజిస్టు వల్ల ఎంతోమందికి ఉత్త తిరుగుప్రయాణం తప్పుతుంది.

గామా కెమెరా సంగతి వేరు. దాని మందు జనరేటరులో వారం పాటు ఊరుతుంది. హైదరాబాదుకు 130 కిలోమీటర్ల దూరంలోని నాగర్‌కర్నూల్‌కైనా, అంతకన్నా ఎడంగా ఉన్న గద్వాలకైనా ఆ డబ్బా ప్రయాణం అడ్డంకి కాదు. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. అలాంటి చోట విభాగం పెట్టాలంటే ఏఈఆర్‌బీ ఆమోదించిన గదుల నమూనా, ఇంజెక్షను పొందినవారికి విడి మరుగుదొడ్డి, వ్యర్థాలు దాచే గది, న్యూక్లియర్ మెడిసిన్ వైద్యుడు, రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరు, అర్హత గల టెక్నాలజిస్టు కావాలి.

అమెరికాలో ఈ వృత్తికి ప్రత్యేక ధ్రువీకరణ బోర్డు 1977లోనే వచ్చింది. భారతదేశంలో 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్టును పేరుపెట్టి గుర్తించింది. ఇంటర్‌లో సైన్సు చదివినవారికి బీఎస్సీ న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజీ, సైన్సు డిగ్రీ ఉన్నవారికి డిప్లొమా కోర్సులు ఉన్నాయి. ఇంజినీరింగ్, ఎంబీబీఎస్ తప్ప మరో దారి చెప్పేవారు లేని అచ్చంపేట, ఆత్మకూరు, అలంపూర్ జూనియర్ కళాశాలల్లో ఈ కోర్సుల వివరాలు నోటీసు బోర్డు దాకా చేరాల్సి ఉంది.