కల్లులోని నిద్రమందు

పటాన్‌చెరువునకు చేరువనున్న సుల్తాన్‌పూరునందు 2017వ సంవత్సరమున వైద్యపరికరముల పార్కునకు శంకుస్థాపన జరిగినది. ఆ ప్రాంతమున మందుల కార్ఖానాలు అంతకు ఎంతో పూర్వమే వెలసినవి. రోగములను మాన్పు ద్రవ్యములు మన ముంగిట తయారగుట సంతోషింపదగినదే. కాని ఆ విద్యయే దొంగచాటున కల్లుకుండలోనికి దిగిన కథ యొకటి కలదు.

క్లోరల్ హైడ్రేటు అను ద్రవ్యమునకు మూలమైన క్లోరలును 1832లో జర్మనీ దేశీయుడైన లీబిగు పండితుడు కనుగొనెను. 1869లో బెర్లినునందు లీబ్రైకు అను వైద్యుడు దానిని నిద్రమందుగా వాడి చూపెను. అది రక్తమున కలిసి క్లోరోఫారముగా మారునని ఆయన తలంచెను. ఊహ తప్పు, నిద్ర మాత్రము నిజము! క్లోరోఫారమన్నంతనే మనకు 1888, 1889 సంవత్సరములలో నిజాము ప్రభువు ధనసహాయముతో లారీ దొర హైదరాబాదున జరిపించిన పరిశోధనలు జ్ఞప్తికి వచ్చును. అది వేఱొక కథ.

తరువాత 1963లో డయజెపాము, 1981లో అమెరికాయందు ఆల్ప్రాజోలాము అంగళ్లకు వచ్చినవి. ఆందోళనతో కుములు రోగులకు ఇవి మేలు చేసినవనుటలో సందేహము లేదు.

ఇక కల్లు మాట. నిజాము రాజ్యమున ఆబ్కారీ పెద్ద రాబడి. తాటిచెట్టైనను ఈతచెట్టైనను రోజునకు ఇచ్చునది కొలతకు లోబడినదే. దుకాణమునకు వచ్చువారు పెరిగిరి, చెట్లు పెరుగలేదు. కొఱతను నీళ్లతోను, తీపిని శాకరినుతోను పూరింపవచ్చును. మత్తు మాటేమి? అందులకై మొదట క్లోరల్ హైడ్రేటు, పిమ్మట డయజెపాము, ఆల్ప్రాజోలాము కుండలోనికి వచ్చినవి. ఆల్ప్రాజోలాము మాత్రలో మందు పావు మిల్లీగ్రామైనను ఉండవచ్చును. ఆ లెక్కన ఒక్క కిలో పొడి నలువది లక్షల మాత్రలకు సరి. సంచిలో దాచి తేదగిన సరకు! 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము దీనికి వర్తించును. అయినను సంగారెడ్డి జిల్లాలో దీనిని రహస్యముగా తయారుచేయుచు పట్టుబడినవారు ఇటీవలి కాలమునను కలరు.

మెదడునందు ఉద్రేకమును అణచు గాబా అను ద్రవ్యము సహజముగనే కలదు. డయజెపాము, ఆల్ప్రాజోలాము దాని శక్తిని హెచ్చించును. ఏండ్లతరబడి ఆ తోడ్పాటునకు అలవడిన మెదడు, అది ఒక్కమారు తొలగినచో కళ్లెము తెగిన గుఱ్ఱమగును.

2015లో తెలంగాణమునందు అదియే జరిగినది. కల్తీ కల్లుపై ప్రభుత్వము దాడులు సలిపెను. భయపడిన అమ్మకందారులు మందు కలుపుట చాలించిరి. దినములు గడవకమునుపే నిజామాబాదు, మహబూబ్‌నగరము ప్రాంతములనుండి జనులు ఆసుపత్రులకు రాజొచ్చిరి. హైదరాబాదు ఎఱ్ఱగడ్డ మానసిక వైద్యశాలయు నిండినది. చేతుల వణకు, నిద్రలేమి, మూర్ఛలు, లేనివి ఉన్నట్లు కనబడుట, ఇవి లక్షణములు. ప్రాణములును పోయినవి. చట్టము చేసిన పని న్యాయమే. కాని దుకాణమునకు తాళము వేయుటకు ముందు ఆసుపత్రిలో మంచములు సిద్ధపఱచవలసి యుండెనని నా యభిప్రాయము.

వచ్చినవారిలో పెక్కండ్రు కూలినాలి చేసికొనువారు. మాత్ర మ్రింగిన ఎఱుక వారికి లేదు. తాము త్రాగినది కల్లే అని వారి నమ్మకము. అట్టివారికి వైద్యము విచిత్రమైనది: ఆ జాతి మందునే తగిన మోతాదున ఇచ్చి, కొంచెము కొంచెముగా తగ్గించుచు, మెదడునకు పాత నడక మరల నేర్పవలెను.