ముద్ర

1839లో కంపెనీ వాళ్లు కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ మీద కుట్ర నేరం మోపారు. వెతికితే ఫిరంగులు దొరికాయి, నిజమే. నవాబును తిరుచిరాపల్లి పంపారు. 1840లో అక్కడే హత్యకు గురయ్యాడు. మా నందికొట్కూరుతో సహా సీమంతా కంపెనీ పరమైంది. నేరం మోపిందీ వాళ్లే, తీర్పు చెప్పిందీ వాళ్లే, భూమి మింగిందీ వాళ్లే!

ఆ జ్ఞాపకంతోనే 1979 నాటి అమెరికా చట్టాన్ని చదువుతాను. ఉగ్రవాదాన్ని పోషించే దేశాల జాబితా అది. అందులో ఇరాక్ ఉండేది. ఇరాన్‌తో యుద్ధమప్పుడు, 1982లో తీసేశారు. కువైట్‌ను ఆక్రమించాక 1990లో మళ్లీ చేర్చారు. సద్దాం మాత్రం ఆ సద్దామే.

2017లో మన రాజ్యసభలోనూ అలాంటి ప్రైవేటు బిల్లు పెట్టారు. గురి పాకిస్తాన్. చట్టం కాలేదు. హంతకులను మేపే రాజ్యాన్ని నిలదీయాల్సిందే, కాదనను. జాబితాలో పెట్టేది దేశాన్ని కదా, టీ అంగట్లో ఆ మాట వచ్చినప్పుడల్లా అందరూ నా ముఖమెందుకు చూస్తారు?