పిల్లల్లో అసాధారణ లివర్ పరీక్ష ఫలితాలు

లివర్ ఫంక్షన్ టెస్టు (వాడుకలో ఎల్‌ఎఫ్‌టీ) అనేది ఒకే రక్త నమూనాతో బిలిరుబిన్, ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, మొత్తం ప్రొటీన్, ఆల్బుమిన్ వంటి వాటిని కొలిచే కొన్ని పరీక్షల సముదాయం. కొన్ని ల్యాబుల్లో జీజీటీ కూడా కలుపుతారు. పిల్లలకు కామెర్లు, తగ్గని జ్వరం, ఆగని వాంతులు, బరువు పెరగకపోవడం వంటి ఇబ్బందులుంటే దీన్ని చేయిస్తారు. వేరే కారణంతో చేయించిన రక్తపరీక్షలో అనుకోకుండా తేడా బయటపడటమూ మామూలే.

ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ కణాల లోపల ఉండే ఎంజైములు. కణం దెబ్బతింటే రక్తంలోకి కారతాయి. దెబ్బ తగిలిందని చెబుతాయే తప్ప, కాలేయానికి ఇంకా ఎంత సత్తువ మిగిలిందో ఇవి చెప్పలేవు. అది తెలియాలంటే కాలేయం తయారుచేసే వాటిని చూడాలి. ఆల్బుమిన్ అలాంటిదే గానీ, రక్తంలో వారాల తరబడి నిలుస్తుంది కాబట్టి హఠాత్తుగా వచ్చిన జబ్బులో వెంటనే తగ్గదు. రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్లలో కొన్ని మాత్రం గంటల్లోనే పడిపోతాయి. వాటిని పట్టి చూపేది ప్రోత్రాంబిన్ టైమ్, దాన్నుంచి లెక్కగట్టే ఐఎన్‌ఆర్. మామూలు ఎల్‌ఎఫ్‌టీలో సాధారణంగా ఇది ఉండదు. నీలం మూత గొట్టంలో వేరేగా నెత్తురు తీయాలి. పిల్లవాడి కళ్లు పచ్చబడి ఉంటే ఆ ఒక్క గొట్టం మిగతా రిపోర్టు మొత్తం కన్నా ఎక్కువ చెబుతుంది.

వయసును బట్టి మారే పరిమితులు

రిపోర్టులో అంకె పక్కన ముద్రించే ‘నార్మల్’ పరిమితి చాలాచోట్ల పెద్దలదే. దానివల్ల పొరపాటు రెండు వైపులా జరుగుతుంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కాలేయంలోనే కాదు, ఎముకను కట్టే కణాల్లోనూ తయారవుతుంది. పెద్దవాళ్లలో దాని పరిమితి లీటరుకు 120–130 యూనిట్ల దగ్గర ఆగితే, ఎదిగే పిల్లల్లో 300–400 ఉన్నా సహజమే. ల్యాబు కంప్యూటరు దాన్ని బోల్డు అక్షరాల్లో ‘హై’ అని కొట్టి తల్లిదండ్రులను బెదరగొడుతుంది. జీజీటీ ఎముకల నుంచి రాదు కాబట్టి అది మామూలుగా ఉంటే ఆ పెరుగుదల ఎముకలదేనని దాదాపు తేల్చుకోవచ్చు. అయితే విటమిన్ డి లోపంతో వచ్చే రికెట్స్‌లోనూ ఇది పెరుగుతుంది కాబట్టి కాళ్లు, మణికట్లు ఒకసారి చూడాలి. అయిదేళ్లలోపు పిల్లల్లో కొందరికి జలుబో విరేచనాలో చేసి తగ్గాక ఇది వేలల్లోకి ఎగబాకి, కొద్ది నెలల్లో దానంతటదే దిగిపోతుంది. దానికి మందు అవసరం లేదు.

ఎస్‌జీపీటీ సంగతి ఇందుకు తిరగబడి ఉంటుంది. ల్యాబులు 40, 45, ఒక్కోచోట 55 దాకా నార్మల్ అని రాస్తాయి. ఆరోగ్యంగా ఉన్న పిల్లల రక్తం ఆధారంగా 2010లో అమెరికాలో వెలువడిన అధ్యయనం మగపిల్లలకు సుమారు 26, ఆడపిల్లలకు 22 పై పరిమితిగా తేల్చింది. ఆ లెక్కన బొద్దుగా ఉన్న పదేళ్ల పిల్లవాడికి 48 వస్తే అది ‘కొంచెం ఎక్కువ’ కాదు, దాదాపు రెట్టింపు. ఫ్యాటీ లివర్ మొదటి ఆనవాలు చాలాసార్లు ఇంతే, నొప్పీ ఉండదు, కామెర్లూ ఉండవు.

కాలేయం కానిచోట నుంచి వచ్చే అంకెలు

ఎస్‌జీఓటీ మొదట వాడుకలోకి వచ్చింది గుండెపోటును పసిగట్టడానికి. 1954లో లాడ్యూ, రాబ్లెవ్‌స్కీ, కార్మెన్ దాన్ని గుండెపోటు వచ్చినవారి రక్తంలో కొలిచారు. ఇది గుండెలో, కండరాల్లో, ఎర్ర రక్తకణాల్లో కూడా ఉంటుంది. చంటిపిల్లల చేతిలో నరం దొరక్క సూదితో తిప్పలు పడి తీసిన నెత్తురులో ఎర్రకణాలు చితికిపోయినా ఎస్‌జీఓటీ ఎక్కువ చూపిస్తుంది. డెంగీలో ఎస్‌జీఓటీ ఎస్‌జీపీటీని మించి పెరగడం తరచూ కనిపించేదే.

నిజంగా తప్పిపోకూడనిది కండరాల జబ్బు. నాలుగైదేళ్ల మగపిల్లవాడు, రెండు ఎంజైములూ రెండు మూడు వందలు, బిలిరుబిన్ మామూలే, జీజీటీ మామూలే. హెపటైటిస్ పరీక్షలు ఒక్కొక్కటే చేయించి, కాలేయం ముక్క తీసి చూసేదాకా వెళ్లిన సందర్భాలున్నాయి. ఆ పిల్లవాణ్ని నేలమీద కూర్చోబెట్టి లేవమంటే సగం జవాబు కళ్లముందే ఉంటుంది. బోర్లా తిరిగి, చేతులు మోకాళ్లమీద, తర్వాత తొడలమీద ఆన్చుకుంటూ తనమీద తానే ఎగబాకినట్టు లేస్తాడు. పిక్కలు బలంగా, లావుగా కనిపిస్తాయి. అది డ్యుషేన్ మస్క్యులర్ డిస్ట్రఫీ కావచ్చు. కండరాల ఎంజైమును కొలిచే సీపీకే అనే చవక పరీక్ష వేలల్లో వస్తే దారి తేలిపోతుంది. కారణం తెలియకుండా ఎంజైములు పెరిగిన ఏ పిల్లవాడికైనా దీన్ని ముందే చేయించడం మంచిది.

పసిబిడ్డల కామెర్లు

పుట్టిన రెండో మూడో రోజున వచ్చే పసుపు చాలావరకు ఇన్‌డైరెక్ట్ (కాలేయం ఇంకా మార్చని) బిలిరుబిన్ వల్ల వచ్చేది, రెండు వారాల్లో తగ్గుతుంది. తల్లిపాలు తాగే బిడ్డల్లో ఇంకొన్నాళ్లు ఉండవచ్చు. రెండు వారాలు దాటినా పసుపు పోకపోతే డైరెక్ట్ (కాలేయం మార్చిన) బిలిరుబిన్ విడిగా కొలిచి తీరాలి. అది డెసిలీటరుకు 1 మిల్లీగ్రామును దాటితే సహజం అనుకోవడానికి వీల్లేదు.

ఇక్కడ భయపడాల్సింది బిలియరీ అట్రీషియాకి, అంటే పైత్యరస నాళాలు మూసుకుపోవడానికి. బిడ్డ పాలు బాగా తాగుతుంది, ఆడుతుంది, బరువు కూడా పెరుగుతుంది. మలం మాత్రం పాలిపోయి సుద్దరంగులో ఉంటుంది, మూత్రం గుడ్డకు పచ్చగా అంటుతుంది. జపాన్ వైద్యుడు మోరియో కసాయ్ 1950లలో రూపొందించిన శస్త్రచికిత్స అరవై రోజుల లోపు చేస్తే ఫలితం బాగుంటుంది, ఆలస్యమైన కొద్దీ అవకాశం సన్నగిల్లుతుంది. తైవాన్ 2004లో మలం రంగులు ముద్రించిన కార్డును తల్లుల చేతికిచ్చి దేశమంతటా ఈ జబ్బును తొందరగా పట్టుకోగలిగింది. మన ఇళ్లలో ‘పొద్దుటెండలో పెట్టండి, పోతుంది’ అనే సలహా ఈ బిడ్డల విషయంలో విలువైన వారాలను మింగేస్తుంది.

వేలల్లో పెరిగినప్పుడు

ఎస్‌జీపీటీ వెయ్యి, రెండు వేలు దాటితే భారతదేశంలో మొదట అనుమానించేది కలుషితమైన నీరు, ఆహారం ద్వారా సోకే హెపటైటిస్ ఎ. అంకె చూస్తే గుండె గుభేలుమంటుంది గానీ, చాలామంది పిల్లలు కొన్ని వారాల్లో పూర్తిగా కోలుకుంటారు. ఇది దీర్ఘకాలిక జబ్బుగా మారదు. పసరు మందుకు, ఉప్పులేని పథ్యానికి తెలుగునాట దక్కిన పేరంతా ఈ సహజ స్వస్థత పుణ్యమే. చేతిమీద కాల్చే వాతలతో గాయం మిగలడమే తప్ప కాలేయానికి ఒరిగేదేమీ లేదు.

ప్రమాదం అంకె పెద్దదైనప్పుడు కాదు, తప్పుదారిలో దిగినప్పుడు. ఎంజైములు తగ్గుతూ, బిలిరుబిన్, ఐఎన్‌ఆర్ మాత్రం పెరుగుతున్నాయంటే కారడానికి కణాలే మిగల్లేదని అర్థం. విటమిన్ కె ఇచ్చాక కూడా ఐఎన్‌ఆర్ 2 దాటితే, లేదా 1.5 దాటి దానికితోడు పిల్లవాడు మగతగా, తిక్కగా మారితే అది కాలేయ వైఫల్యం. కాలేయ మార్పిడి సదుపాయమున్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లాలి.

వంశపారంపర్యం, మందులు

మూడేళ్లు నిండిన పిల్లల్లో ఎంజైములు నెలల తరబడి దిగకపోతే విల్సన్ జబ్బును వెతకాలి. 1912లో కినియర్ విల్సన్ వివరించిన ఈ జబ్బులో రాగి కాలేయంలో పేరుకుపోతుంది. రక్తంలో సెరులోప్లాస్మిన్ తగ్గడం, కొందరిలో నల్లగుడ్డు అంచున గోధుమరంగు వలయం దాని గుర్తులు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న జన్యువు అందితేనే ఇది వస్తుంది కనుక మేనరికపు సంబంధాల్లో అవకాశం పెరుగుతుంది. ఒక బిడ్డకు తేలితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లందరికీ పరీక్ష చేయించాలి. ముందుగా దొరికితే పెన్సిలమిన్, జింక్ వంటి మందులతో మామూలుగా బతకవచ్చు.

దీనికి పూర్తి భిన్నమైనది గిల్బర్ట్ సిండ్రోమ్. పరీక్షల రోజుల్లో తిండి మానేసిన టీనేజి పిల్లల కళ్లు కాస్త పచ్చబడతాయి. ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్ ఒక్కటే పెరిగి, మిగతావన్నీ బాగుంటాయి. ఏ చికిత్సా అక్కర్లేదు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మందు సీసాలన్నీ సంచిలో వేసుకెళ్లడం మంచిది. టీబీ మందులు, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, నాటు మందులు కాలేయాన్ని దెబ్బతీయగలవు. ఒక్కసారి ఇచ్చే పారాసెటమాల్ మోతాదు శరీర బరువు కిలోకు 15 మిల్లీగ్రాములు దాటకూడదు. డ్రాప్స్‌లో మందు సిరప్ కన్నా చిక్కగా ఉంటుంది కాబట్టి, సిరప్ కొలతను డ్రాప్స్‌కు వాడితే మోతాదు కొన్ని రెట్లు మించుతుంది.